కాలిన ముడి మీద బంగారు చుక్క

నేను ఒక ఇనుప అచ్చును. పుట్టినప్పుడు నా దగ్గరున్న సరుకు ఒక్కటే: గోరంత ముఖం మీద ఒక తాడు మెలిక. అయిదారు వందల ఏళ్ల కిందట స్పెయిన్‌లోని తొలేదోలో ఒక కమ్మరి నన్ను చెక్కి, పుస్తకాలకు అట్టలు కట్టే ఇద్రీస్‌కు అమ్మాడు.

నన్ను వేడిచేసి తడి మేకతోలు మీద వరసగా అద్దితే, మెలికలు ఒకదాని కిందా మీదా దూరుతూ ఎక్కడా తెగని ముడులవుతాయి. వేడి తగ్గితే అచ్చు పడదు, మించితే తోలు కాలుతుంది. చెరిపే ఉపాయం లేదు. అందుకే ముందు తడిగుడ్డకు తాకించి చప్పుడు వింటారు; బుస్సుమంటే వేడి మించినట్టు. చిక్కంతా అక్కడే. ఇద్రీస్‌కు చెవులు పోయాయి. ఎదురుగా కూర్చున్న కూతురు జుహ్రా విని తలాడిస్తేనే అతని చెయ్యి దిగేది. ఈ గుట్టు మా ముగ్గురిదే; చెవిటివాడని తెలిస్తే పని ఎవరూ ఇవ్వరు.

దుకాణం చర్చిది. “ఈ ప్రార్థన గ్రంథం అట్ట చూశాకే నువ్వు ఉండేదీ ఖాళీచేసేదీ చెబుతా” అన్నాడు పాద్రీ. ఇద్రీస్ నమాజు ఆయనకు గిట్టదు, ఇద్రీస్ ముడులు మాత్రం కావాలి.

చివరి ముడి వేసేవేళ ఆయన చెప్పకుండా వచ్చి తండ్రీకూతుళ్ల మధ్య నిలబడ్డాడు. నల్లటి అంగీ అడ్డమైంది. ఇద్రీస్ తడిగుడ్డకు తాకించగానే నేను బుస్సుమన్నాను. అతనికి వినపడలేదు. పక్కకు జరగమంటే గుట్టు బయటపడుతుంది. అద్దేశాడు. పొగ లేచింది.

పాద్రీ వంగాడు. “కాలిందా?”

“కాల్చాం పాద్రీగారూ,” జుహ్రా లేచి వచ్చింది. “బంగారు చుక్క పెట్టే చోటుకు గుర్తు.”

“నేను అడగలేదే.”

“అడిగించుకుని పెడితే కానుకెలా అవుతుంది?”

“మీ నాన్న మాట్లాడడేం?”

“పనిలో పడితే ఆయనకు దేవుడు పిలిచినా వినపడదు.”

పాద్రీ నవ్వలేదు. బల్ల మీద కూర్చున్నాడు. “పెట్టు, చూస్తా.”

జుహ్రా మచ్చ మీద కోడిగుడ్డు తెల్లసొన రాసి, బంగారు రేకు పరిచి, గుండ్రటి అచ్చు వేడిచేసి అద్దింది. ఇద్రీస్ పిడికిలిలో నా పిడి తడిసిపోయింది. ఆమె మిగిలిన రేకు తుడిచింది. చుక్క నిలిచింది. మచ్చ కనపడలేదు.

“అన్ని ముడులకూ పెట్టాలి” అని లేచాడు పాద్రీ. “దుకాణం ఉంచుకోండి.”

రేకు చాలక జుహ్రా చెవిపోగులు కంసాలి దగ్గరికి వెళ్లాయి. పని ముగిశాక ఇద్రీస్ నన్ను ఆమె చేతిలో పెట్టాడు. “ఇకనుంచి వినేదీ నువ్వే, అద్దేదీ నువ్వే, అమ్మాయ్.”

ఇప్పుడు నేనూ ఆ అట్టా మ్యూజియంలో ఒకే అద్దాల పెట్టెలో ఉన్నాం. జనం నా ముడులను దాటేసి చుక్కల దగ్గర ఆగుతారు. మచ్చ ఏ చుక్క కింద ఉందో ఎవరికీ తెలియదు. నా లెక్క మాత్రం తేలింది. పెట్టుబడి ఒక మెలిక. నష్టం ఒక మచ్చ, ఒక జత పోగులు. మిగిలింది, జుహ్రా చేతికొచ్చిన దుకాణం.