మోడెమ్‌కు పెట్టిన గంధం

ఆయుధపూజ నాడు మధ్యాహ్నం మూడింటికి కంప్యూటర్ వేస్తే మా ఇంట్లో ఇంటర్నెట్ లేదు. మా అమ్మాయి ధరణి ఢిల్లీలో ఎమ్మెస్సీకి దరఖాస్తు పంపాలి. ఆ సాయంత్రం ఐదింటికి గడువు ముగుస్తుంది. మార్కుల పత్రం ముందురోజే చేతికొచ్చింది మరి. ఏడాదంతా ఆ సీటు కోసమే చదివింది పిల్ల. బయటికెళ్లి పంపుదామంటే చిత్తూరులో నెట్ సెంటర్లన్నీ కంప్యూటర్లకు దండలేసి తాళాలు వేసుకున్నాయి.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మోడెమ్ చూశాను. ఫోన్ లైను దీపం వెలగడం లేదు. ఆపి మళ్లీ వేశాను. మూడుసార్లు అదే పని. అంతలో కిటికీలోంచి పక్కింటి మునస్వామి పంచె కనబడింది. మా ఫోను తీగ మీదే ఆరేశాడు! ఇంకేముంది, దొంగ దొరికాడనుకున్నాను.

“ఏమప్పా మునస్వామీ, నీ పంచెకు మా తీగే దొరికెనా? ఈడ నా బిడ్డ సదువు పోతా ఉండాది!” అని గోడ మీంచి అరిచాను.

ఆయన నిమ్మళంగా పంచె తీసి భుజాన వేసుకున్నాడు. “మీ ఫోను పలకతా ఉండాదా అబ్బా?”

“సూళ్లేదు.”

“సూడు మరి. ఫోను పలికితే తీగ బాగుండాదనే. పెట్టెకాడ సూసుకో.”

లోపలికొచ్చి రిసీవర్ ఎత్తితే గుయ్యిమంది. తీగలో ఏ లోపమూ లేదు. నేను ఊరికే నోరు పారేసుకున్నాను.

మా అమ్మ జ్ఞానాంబ మాటిమాటికీ గుమ్మంలోకొచ్చి “రేయ్ బాలా, ఆ పెట్టె...” అంటోంది. “నీకేం తెలుసు, ఊరకుండమ్మా” అని రెండుసార్లు కసిరాను. నాలుగు దాటింది. ధరణికి కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను చేతులెత్తేశాను.

చివరికి ధరణే లేచి వెళ్లి అడిగింది. “అవ్వా, ఆ పెట్టెను ఏమన్నా చేస్తివా?”

“పూజకి బొట్టు పెట్టినా మే. కత్తిపీటకీ, మీ నాయన స్కూటరుకీ పెడితిని. దీనికి మొగం యాడుండాదో తెలీలే. వైరు పీకితే బొక్క కనపడె. నోరేమో అనుకొని ఆడ గంధం పెట్టి, మళ్లా వైరు తోసినా. సెప్తామంటే ఇనేవాళ్లు ఏరీ?”

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికింది నేనే. కరెంటు తీసేసి, ఫోను వైరు పీకి, అగ్గిపుల్లకు దూది చుట్టి, ఎండిన గంధమంతా గీకాను. వైరు పెట్టి స్విచ్ వేశాను. దీపం కాసేపు మిణుకుమిణుకుమని, తర్వాత నిలిచి వెలిగింది. ధరణి కేక పెట్టి అవ్వను గిరగిరా తిప్పేసింది. మునస్వామికి క్షమాపణ చెప్పాల్సింది ఇంకా మిగిలే ఉంది.

దరఖాస్తు నింపేసరికి ఐదుకు పది నిమిషాలు. ధరణి ఆఖరి బటన్ తను నొక్కకుండా అవ్వను కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె వేలు మౌస్ మీద పెట్టింది. అమ్మ కొంగుతో వేలు తుడుచుకుని, కళ్లు మూసుకుని నొక్కింది.

“పోయిందవ్వా, ఢిల్లీకి!” అంది ధరణి.

పాకాలలో పుట్టి, చిత్తూరుకు కాపురానికొచ్చి, కాట్పాడి దాటి ఎరగని మా అమ్మ తన వేలి వంక చూసుకుంది.

“నేను నొక్కితేనే పాయనా?” అని నన్నడిగింది.

నాకు సిగ్గూ సంతోషమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

“నువ్వు నొక్కితేనే పాయమ్మా” అన్నాను.