నాలుగో వరస

"మేడమ్‌కి ఎలాంటి ఇటుకలు కావాలంటారు సార్?" అని అడిగాడు ఇటుకల షాపాయన. అడిగింది నన్ను కాదు, నా చక్రాల కుర్చీ వెనక నిలబడ్డ మా ఆయన్ని. నా నెత్తి మీదుగా అడిగాడు, నేనేదో బల్లనైనట్టు.

"మేడమ్‌కి నోరుంది," అన్నాను. "పనిచెయ్యనివి కాళ్ళే."

షాపాయన నాలుక్కరుచుకున్నాడు. మా ఆయన నవ్వాడు. ఈ మధ్య నేనేమన్నా నవ్వుతున్నాడు. జ్వరం వచ్చిన పిల్లని బుజ్జగిస్తూ నవ్వినట్టు ఉంటుంది ఆ నవ్వు. చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది.

మేం వెళ్ళింది మా పెరట్లో ఎత్తు మడికి ఇటుకలు ఎంచుకోడానికి. చుట్టూ ఇటుకలు పేర్చి మధ్యలో మట్టి నింపితే, కుర్చీలోంచి కదలకుండానే మొక్కలు పెట్టుకోవచ్చు. నాది నర్సరీలో పని. నారు పొయ్యడం, మొక్కలు మార్చడం, గోళ్ళలో ఇరుక్కున్న మట్టితోనే ఇంటికి రావడం. ఒకరోజు మొక్కలకి ఎండ తగలకుండా షెడ్డు పైన నీడవల బిగిస్తూ జారిపడ్డాను. ఇక లేచి నడవడం ఉండదని డాక్టరు తేల్చి చెప్పేశాడు, మా ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టి మరీ. ఏడవాల్సిందంతా ఏడ్చాను. అప్పట్నుంచీ నీళ్ళ గ్లాసు దగ్గర్నుంచి దువ్వెన దాకా అన్నీ ఎవరో ఒకరు తెచ్చి చేతిలో పెడుతున్నారు. ఎవరూ అందించకుండా నా అంతట నేను చెయ్యి చాపి ముట్టుకునేది ఒక్కటి కావాలి నాకు. అది మట్టే కావాలి.

మా వదిన కూడా వెంట వచ్చింది. మా ఆయనకి అక్క. సలహా ఇవ్వకపోతే ఆవిడకి అన్నం అరగదు. తెల్లటి తేలిక ఇటుకల దొంతర చూసి అక్కడే ఆగిపోయింది.

"ఇవి తీసుకోరా తమ్ముడూ. తెల్లగా ఎంత ముద్దుగా ఉన్నాయో!"

"అవి నీళ్ళు పీల్చేస్తాయి వదినా. రోజూ తడి తగిలితే పెచ్చులూడిపోతాయి," అన్నాను.

"పైన రంగేస్తే సరిపోయె. అయినా అవన్నీ నీకెందుకమ్మా? నీళ్ళు పొయ్యడానికి మేమంతా లేమూ?"

"మీరు పోసేట్టయితే నాకు మడెందుకు? మీ ఇంట్లోనే పెట్టుకోండి."

వదిన మూతి ముడుచుకుంది. నేను కుర్చీ చక్రాలు తోసుకుంటూ ఎర్ర ఇటుకల దగ్గరికి వెళ్ళాను. చూడ్డానికి బాగానే ఉన్నాయి. కానీ చిన్నవి, సిమెంటు పెట్టి కట్టాలి, దానికి మేస్త్రీ రావాలి. ఒకసారి కట్టాక తేడా వస్తే పగలగొట్టడమే. ఆ పక్కన సిమెంటువి, మధ్యలో రెండేసి పెద్ద బొక్కలున్న బోలు ఇటుకలు ఉన్నాయి. బొటనవేలితో ఒకదాని మూల గట్టిగా రుద్దాను. పొడి రాలలేదు. వీటిని ఊరికే పేర్చుకోవచ్చు. బొక్కల్లో మట్టి కూరితే ఆ బరువుకి కదలవు. అంచు మోచెయ్యి ఆనించుకునేంత వెడల్పు.

"ఇవే," అన్నాను.

"ఎన్ని వరసలు పేరుస్తారు సార్?" అన్నాడు షాపాయన, మళ్ళీ మా ఆయనతోనే.

"నాలుగు," అన్నాడు మా ఆయన, తడుముకోకుండా.

మా ఆయన టైలరు. ఊళ్ళో వాళ్ళందరికీ టేపు పట్టి కొలిచే మనిషి, పెళ్ళయిన ఇన్నేళ్ళలో నాకు మాత్రం ఒక్కసారీ టేపు పెట్టలేదు. "నీ కొలత నా కళ్ళలో ఉంది," అని గొప్ప. నిజంగానే కుట్టినవన్నీ అచ్చు గుద్దినట్టు సరిపోయేవి. నేనూ మురిసిపోయేదాన్ని. పడ్డాక మాత్రం ఆయన కుట్టిన ప్రతి గౌనూ ఒళ్ళో కుప్పపడుతుంది, అంచు చక్రాల్లో ఇరుక్కుంటుంది. గుండెలో దిగులుండి చెయ్యి తప్పుతున్నాడనుకుని సర్దుకుపోయాను.

"నాలుగెందుకు? ఒకసారి పేర్చి చూద్దాం," అన్నాను.

షాపాయన అక్కడే నేల మీద నాలుగు వరసలు పేర్చాడు. దగ్గరికి తోసుకుని వెళ్ళాను. ఇటుకలు నా రొమ్ముకి తగిలాయి. భుజాలు పైకెత్తి, రెండు చేతులూ అంచు మీదుగా అవతలికి వేశాను. కొట్టు బల్ల మీద మిఠాయి కోసం ఎగబాకే పిల్లలా ఉంది నా వాలకం. మోకాలు ఇటుకలకి కొట్టుకుంది. నొప్పి తెలియదు కాబట్టి చూసి తెలుసుకున్నాను.

మా ఆయన మాత్రం పేర్చిన ఇటుకల పక్కన నిలబడి, అంచు మీద అరచెయ్యి ఆన్చి, తృప్తిగా చూస్తున్నాడు.

"చూశావా! సరిగ్గా నడుముకొచ్చింది. ఇంక వంగక్కర్లేదు."

"ఎవరి నడుముకి?"

"నీ నడుముకే!" అన్నాడు.

అప్పుడు అర్థమైంది నాకు. ఆయన చెయ్యీ తప్పలేదు, కన్నూ తప్పలేదు. ఆ గౌన్లు సరిగ్గానే కుట్టాడు. నాకు కాదు.

అరికాలి మంట నెత్తికెక్కింది అంటారే, అరికాళ్ళలో ఏమీ తెలియని నాకు కూడా అది తెలిసింది.

"ఏమండీ, నేను లేవను," అన్నాను.

"అలా అనకు. ఎవరు చూడొచ్చారు, ఏమో..."

"డాక్టరు చూశాడు. చూసి చెప్పాడు. మీరు నా పక్కనే కూర్చుని విన్నారు."

"అబ్బ, నలుగురిలో ఆ మాటలెందుకే," అంది వదిన.

"మీరు కాసేపు ఊరుకోండి వదినా!" అని అరిచాను. ఆవిడ మీద అరవడం అదే మొదలు. షాపాయన ఏదో పనున్నట్టు పక్కకి తప్పుకున్నాడు.

"నిలబడే మనిషికి గౌన్లు కుట్టారు, తొడుక్కున్నాను. నిలబడే మనిషికి మడి కూడా కడతారా? అంత మనసులో ఉంటే ఆవిడతోనే కాపురం చెయ్యండి. ఆవిడ రాదు. మీ ఇంట్లో ఉన్నది నేను. పొద్దున్నే మీరు ఎత్తి కూర్చోబెడుతున్నది నన్ను. నన్ను చూడండి ఒక్కసారి. ఆవిడ వస్తుందని ఎదురుచూస్తూ నన్ను ఈ గోడ వెనక కూర్చోబెడతారా?"

ఆయన ముఖంలో ఆ నవ్వు పోయింది. కళ్ళ నిండా నీళ్ళు. జాలి వేసింది, నిజమే. జాలి కన్నా కోపమే ఎక్కువగా ఉంది.

"ఏడవాలనుంటే ఇంటికెళ్ళి ఏడవండి. ముందు ఆ పై వరస దించండి."

షాపాయన సాయానికి రాబోయాడు. నేను వద్దన్నాను. మా ఆయన ఒక్కో ఇటుకా రెండు చేతుల్తో ఎత్తి కింద పెట్టాడు. సూదీ గుడ్డా పట్టే చేతులు, గరుకు అంచులకి గీసుకుపోయాయి. వదిన ఒకసారి నా వైపు, ఒకసారి తమ్ముడి వైపు చూసి, తల తిప్పుకుంది.

మూడు వరసలు మిగిలాయి. ఈసారి కుర్చీని పక్కవాటుగా ఆపుకున్నాను. మోచెయ్యి అంచు మీద ఆనింది. భుజం ఎత్తకుండానే చెయ్యి లోపలికి వెళ్ళింది. మట్టి ఉండబోయే ఖాళీలో వేళ్ళు కదిపి చూసుకున్నాను. ఏ మూలకి ఏది వెయ్యాలో చేతికే తెలిసిపోతోంది. కోపం మాత్రం ఇంకా దిగలేదు.

మా ఆయన నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. నా మోచెయ్యి ఆనిన అంచు కేసి చూశాడు.

"సరే, మూడే," అన్నాడు. "కానీ... రేపెప్పుడైనా నువ్వు లేచి నిలబడితే? ఇది మరీ కిందికైపోతుంది కదా. వంగాల్సొస్తుంది."

నోటిదాకా వచ్చిన మాటని మింగేశాను. గీసుకుపోయిన ఆ అరచేతుల్ని చూశాను.

"అప్పుడు వంగుతాను లెండి," అన్నాను. "ఎంతసేపైనా వంగుతాను."