గిల్‌త్రాప్ వారి టోపీ

ఇందులో ఒక్క అక్షరం కల్పన లేదు. కావాలంటే సుంగై సుమున్ రామాలయంలో దీపం ఆర్పి ప్రమాణం చేసేవాళ్ళున్నారు. కాకపోతే ఈమధ్య అక్కడ దీపాలన్నీ కరెంటువైపోయాయి, స్విచ్చి నొక్కి ఆర్పితే ప్రమాణం చెల్లుతుందో లేదో పంతులుగారికే తెలీదు. అబద్ధమైతే చెప్పినవాళ్ళ నాలుక మీదినుంచి పామాయిలు గెలల లారీ వెళ్ళాలి. చాలా? ఇక విను.

ముత్యాలు టిఫిను దుకాణం ఆ లారీలు తిరిగే మలుపులోనే ఉంది. రేకుల చావిడి, నాలుగు బల్లలు, ఏనుగు పడుకోగలిగినంత పెనం. ఆవిడ టీని ఆ గ్లాసులోంచి ఈ గ్లాసులోకి ఎత్తి పోస్తే, ఆ నురగ చూసి పొలాల మీద పోయే కొంగలు ఏటి ఒడ్డనుకుని దిగిపోతాయి. పెళ్ళి లేదు, పిల్లల్లేరు, డెబ్బై దగ్గర పడింది. తమ్ముడి మనవరాలు వినోదినిని పాలసీసా నాటినుంచి తనే పెంచింది.

పొద్దున ఆ దుకాణం ముందు వరసలో నిలబడేవాళ్ళు మూరెడేసి ఎడంగా నిలబడతారు. మర్యాదకి కాదు. పొద్దుటెండలో నీడలు బారుగా పడతాయి కదా, ఆ నీడలకి టోపీలుంటాయి, ఎడం లేకపోతే అంచులు గుద్దుకుంటాయి. మనిషి నెత్తిమీద ఏమీ ఉండదు. నూనె రాసిన జుట్టో, బట్టతలో, హెల్మెట్టో. నీడకి మాత్రం వెనకటి తోట దొరలు పెట్టుకునే గుండ్రటి గట్టి టోపీ. ఎడమవైపు అంచు మీద చిన్న నొక్కు. ఎవరి నీడ చూసినా అదే టోపీ, అదే నొక్కు. అది గిల్‌త్రాప్ వారి గుర్తు.

అదెలా వచ్చిందంటే, ముత్యాలు తాత రోజుల్లో అక్కడంతా గిల్‌త్రాప్ అనే దొర రబ్బరు తోట. మన తెలుగు ఊళ్ళనుంచి సముద్రం దాటి ఓడ దిగి వచ్చినవాళ్ళని పొద్దున్నే వరసలో నిలబెట్టి పేరు చెప్పండి, ఇంటిపేరు చెప్పండి అన్నాడట. వీళ్ళు చెప్పారు. ఒక్కో ఇంటిపేరూ ఆ కొస నుంచి ఈ కొస దాకా పాకుతుంటే దొరకి విసుగొచ్చి, అందరికీ తోట పేరే తగిలించెయ్యమన్నాడు. ఆ క్షణానే వరసలో ఉన్న నీడలన్నింటికీ టోపీలు వచ్చాయి. దొర నీడకి పోయింది. ఆ సాయంత్రమే అతనికి వడదెబ్బ తగిలిందంటారు.

తరవాత ఇళ్ళలో అసలు ఇంటిపేర్లు ఎవరూ పలకలేదు. ఇక్కడి సర్కారు కార్డులో ఫలానా అతని కొడుకు, ఫలానా అతని కూతురు అని తప్ప ఇంటిపేరుకి చోటే లేదు. మూడు తరాలకి అవన్నీ మరుపున పడ్డాయి. ఎవరింటివాళ్ళని అడిగితే ఎండలోకి వచ్చి నీడ చూపించడమే మిగిలింది. గిల్‌త్రాప్ వారి కొడుకుని చేసుకుంటే, తాళి పడగానే పెళ్ళికూతురి నీడకి టోపీ వస్తుంది. గిల్‌త్రాప్ ఆడపిల్ల బయటికి వెళితే టోపీ రాలిపోతుంది. కొడుకులు పనులు వెతుక్కుంటూ పోయినచోటల్లా ఆ పేరు మొలిచింది. బంటింగ్‌లో, ఈపోలో, సింగపూరు లిఫ్టుల మరమ్మతుల్లో కూడా ఉన్నారు. ఉగాదికి అందరూ ఊరొచ్చి గుడి ముందు నిలబడితే, టోపీల నీడలు కలిసి సముద్రం ఒడ్డునున్న బాగాన్ దాతుక్ దాకా చీకటి పడి కోళ్ళు గూటికెళ్ళిపోతాయి.

నవ్వాల్సింది ఇక్కడిదాకానే. ఇంటిపేరు ఒకటైతే అన్నాచెల్లెళ్ళ వరస, పెళ్ళి కుదరదు. అసలు పేర్లు మరిచిపోయారు గాని, ఈ పద్ధతి మాత్రం ఒక్కరూ మరవలేదు.

ముత్యాలుకి పంతొమ్మిదేళ్ళప్పుడు, సింహాచలం అనే కుర్రాడు పక్క వరసలో పాల కోసం రబ్బరు చెట్లు గీసేవాడు. రోజూ తన కత్తి కన్నా ముందు ఆమె కత్తి నూరి ఇచ్చేవాడు. ముదిరిన రబ్బరు తోటలో ఎండ నేలకి దిగదు. నీడ పడని చోట ఎవరికీ ఇంటిపేరు ఉండదు. అందుకే అక్కడ ఏం మాట్లాడుకున్నా తప్పనిపించలేదు. పెద్దలకి తెలిసింది. ఇద్దరినీ తోటలోంచి మట్టిబాట మీదికి, ఎండలోకి నడిపించుకొచ్చారు. రెండు టోపీలు. అక్కడే అందరి ముందూ ముత్యాలు చేత “అన్నా” అని పిలిపించారు. వినపడలేదని మళ్ళీ పిలవమన్నారు. సింహాచలం తల వంచుకుని పలికాడు. మరుసటేడు టోపీ లేని బంటింగ్ పిల్లని చేసుకున్నాడు. ముత్యాలు ఎవరినీ చేసుకోలేదు.

ఇప్పుడాయన గుడి పెద్ద, పెళ్ళాం పోయిన మనిషి. రోజూ పొద్దున ముత్యాలు దుకాణంలోనే టీ.

“అన్నా, టీ,” అంటుంది ముత్యాలు. యాభై ఏళ్ళుగా అలాగే అంటోంది. గ్లాసు బల్ల మీద పెట్టే చప్పుడు మాత్రం ఒక్కరోజు కూడా మెత్తబడలేదు.

“సక్కెర తగ్గించు సెల్లెమ్మా. డాక్టరు తిడతన్నాడు.”

“సక్కెర ఎయ్యలేదు. నీ నోరే తీపి.”

ఆయన రెండు గుక్కలు తాగి అన్నాడు, “మరి పిల్లల సంగతి ఏటి సేద్దాం?”

పిల్లలంటే, ఆయన మనవడు కిశోర్‌కుమార్, ఈవిడ వినోదిని. మబ్బు పట్టిన రోజుల్లో మాత్రమే కలిసి తిరుగుతున్నారని ఊరంతా పసిగట్టింది. ఎండ కాస్తే విడిపోతారు, వాన మొదలైతే ఒకే గొడుగు. ఇద్దరికీ టోపీలే.

“ఏటి సేసేది? ఇంటిపేరు ఒకటే. అన్నాసెల్లెళ్ళు,” అంది ముత్యాలు.

“నువ్వదే మాట అంటావని నాకు తెలుసు.”

“నువ్వు ఏరే మాట అంటావని నాకు ఎప్పుడూ ఆశ లేదు.”

సింహాచలం గ్లాసులోకి చూసుకున్నాడు. ఆదివారం పెద్దలు కూర్చుంటారు, ముత్యాలు ఒప్పుకుంటే తనకి అడ్డు లేదని గొణిగి లేచిపోయాడు. ఆయనెప్పుడూ అంతే. బరువున్న పనిని ఎదుటివాళ్ళ చేతిలో పెట్టి చెప్పులేసుకుంటాడు.

వెనక గిన్నెలు కడుగుతూ వినోదిని అంతా విన్నది. అక్కడివాళ్ళ అలవాటు ప్రకారం మాట చివర లా తగిలించి అంది, “మామ్మా, నీడ సూసి పెళ్ళి ఆపుతారా లా? ఆ పేరు మనది కాదు, ఎవరో తెల్లోడిది.”

“నెత్తికెక్కినాక మనదే.”

“కిశోర్ దూరాన జొహోర్‌లో పని సూసుకున్నాడు. నువ్వు కాదంటే సోమవారం బస్సెక్కేస్తాడు.”

“ఎక్కనీ. దుకాణం ఉంది, పెనం ఉంది. నాకు బువ్వ పెట్టలేదా అది? నీకూ పెడతాది.”

“నాకు నీ పెనం వద్దు మామ్మా.”

ముత్యాలు చేతిలో గరిటె ఆగింది. “నాకోసం మారినాదా పద్ధతి? నీకోసం మారాలా?” అంది. ఆ మాట తన చెవికే పుల్లగా తగిలినట్టుంది, గభాలున పిండి తిప్పడంలో పడింది. పద్ధతి తప్పని తేలితే తన యాభై ఏళ్ళు ఏ చెత్తబుట్టలో వెయ్యాలి? అందుకే ఊరందరికన్నా గట్టిగా ఆ పద్ధతిని పట్టుకుంది ఆవిడే.

ఆ ఆదివారమే ఇంగ్లండునుంచి మార్గరెట్ గిల్‌త్రాప్ అనే పెద్దావిడ దిగింది. లైబ్రరీలో పనిచేసి రిటైరైంది. తన ఇంటిపేరు ఎక్కడ పుట్టింది, లోకంలో ఎక్కడెక్కడ ఉంది అని వెతుక్కోవడమే పని. ఫేస్‌బుక్కులో గిల్‌త్రాప్ బాయ్స్ అనే ఫుట్‌బాల్ జట్టు కనిపించి, ఇంతమంది చుట్టాలా అని విమానమెక్కేసింది. ముఖానికి ఎంత తెల్ల క్రీము రాసుకుందంటే, ఊరి పిల్లులు పెరుగనుకుని వెంటపడ్డాయి.

గుడి ముందు కారు దిగి ఎండలో నిలబడింది. అందరూ ముందు ఆవిడ కాళ్ళకేసి చూశారు. బోడి నీడ.

“ఈవిడ మనోళ్ళు కాదు లా,” అన్నాడు సింహాచలం.

వినోదిని ఆవిడ మాటల్ని తెలుగులో చెబుతూ పోయింది. వాళ్ళ దేశంలో ఉత్తరాన ఒక వాగు, వాగు పక్క పదిళ్ళ పల్లె, ఆ పల్లె పేరే గిల్‌త్రాప్. వరదకి పల్లె కొట్టుకుపోయింది, చెదిరిపోయినవాళ్ళు ఆ పేరు చెప్పుకున్నారు. ఇప్పుడు ఆ దేశంలో ఆ పేరుతో మిగిలింది తను, ముసలివాళ్ళ ఆశ్రమంలో ఉన్న అన్నగారు. ఆయనకి తన పేరు కూడా గుర్తు లేదు. తోట పెట్టిన దొర ఆవిడకి తాతగారి తమ్ముడు.

“ఆ దొరకి ఇక్కడ పిల్లలున్నారా అడుగు,” అన్నాడు సింహాచలం.

“లేరంట. పెళ్ళే లేదంట. మనం ఆయన తోటలో కూలీలం, అంతే. మనలో మనకి గాని, ఆయనతో గాని రక్తసంబంధం లేదంటంది.”

పెద్దలు కూర్చున్న గుడి చావిడిలో ఫ్యాను తిరుగుతోంది. ముత్యాలు లేచి ఎండలోకి వచ్చింది. మార్గరెట్ అప్పుడే చూసింది ఆవిడ నీడని. మన ఎండని చూసినట్టే, ఏ వింతా లేకుండా చూసి వంగి, వేలితో నేలమీద ఆ నొక్కు తడిమింది.

“ఇది వాళ్ళ చిన్నతాత టోపీయేనంట,” అంది వినోదిని. “ఓడ మెట్ల మీద కింద పడి అంచు నొక్కుకుపోయిందంట. వాళ్ళింట్లో ఫొటోలో ఉందంట.”

ముత్యాలు చాలాసేపు తన నీడనే చూసింది. “అడుగు పిల్లా. వాళ్ళ దేశంలో ఈ టోపీ పగలూ రాత్రీ నెత్తినే ఉంటాదా?”

“లేదంట మామ్మా. ఇంట్లోకెళ్తే తీస్తారంట. ఆడవాళ్ళు ఎదురైతే తీస్తారంట. శవం పోతుంటే తీస్తారంట.”

“ఎలాగ తీస్తారు?”

వినోదిని అడగలేదు. ఆ మాత్రానికి ఇంగ్లీషు అక్కర్లేదు. మార్గరెట్ చెయ్యెత్తి, తన నెత్తిమీద లేని టోపీని రెండు వేళ్ళతో పట్టుకుని ఎత్తి చూపించింది.

ముత్యాలు చెయ్యెత్తింది. దోసెలు తిప్పి తిప్పి బిగుసుకున్న చెయ్యి, భుజం దగ్గర ఆగి, మళ్ళీ లేచింది. నెత్తికి జానెడు పైన రెండు వేళ్ళు మూసింది. నేలమీద నీడ వేళ్ళు టోపీ అంచు పట్టుకున్నాయి. టోపీ ఊడి వచ్చింది. అంతే. చప్పుడు లేదు, నొప్పి లేదు.

టోపీ కింద పిడికెడు జుట్టు ముడి, ముసలిదాని ముడి. మోకాళ్ళు దాటే జడ ఉన్న రోజుల్లో కూడా ఆ టోపీ అంతే తేలిగ్గా ఊడేది. ఎవరూ చెయ్యెత్తి చూడలేదు.

“ఇంత సులువు, సింహాచలం,” అంది ముత్యాలు. అన్నా అనలేదు.

ఆయన చెయ్యి కూడా లేచింది. చెవిదాకా వచ్చింది. ఊరంతా చూస్తోంది. చెవి వెనక గోక్కుని, చెయ్యి దించేశాడు. తీస్తే, యాభై ఏళ్ళ కిందట కూడా తీసి ఉండొచ్చని ఒప్పుకోవాలి కదా.

ముత్యాలు తన నీడ టోపీని మార్గరెట్ నీడకి అందించింది. మార్గరెట్ నీడ తలవంచి దాన్ని పెట్టించుకుంది. ఆ పెద్దావిడ నెత్తి తడుముకుని, చల్లగా ఉందని వినోదినితో చెప్పి, ముఖం తిప్పుకుంది. వినోదిని కూడా చెయ్యెత్తి తన టోపీ తీసి నేలమీద పెట్టేసింది. కిశోర్‌కుమార్ సోమవారం బస్సెక్కలేదు.

పెళ్ళిలో పంతులుగారు అమ్మాయి ఇంటిపేరు అడిగారు. టోపీ తీసిన పిల్లకి ఏ పేరూ లేదు. వినోదినే చెప్పింది, “ముత్యాల వారు అని సదవండి.”

“ఇప్పుడు నా పేరు దేనికే, కాలిన పెనానికి కళాయి,” అంది ముత్యాలు. కాని పంతులుగారు ముత్యాల వారి ఆడపడుచు అని మూడుసార్లు చదివారు, ఆవిడ మూడుసార్లూ విన్నది. తాళి పడగానే పద్ధతి ప్రకారం కిశోర్ ఇంటి టోపీ వచ్చి వినోదిని నీడ మీద కూర్చుంది. వినోదిని అక్షింతలు దులుపుకున్నట్టే దాన్ని తీసి పక్కన పెట్టింది. మంత్రం కూడా ఆగలేదు.

మిగతా ఊరు మాత్రం టోపీలు తియ్యలేదు. తీస్తే కింద ఏ పేరూ ఉండదని భయం. ముత్యాలుకి ఇప్పుడు పది గంటలయ్యేసరికి మాడు కాలిపోతుంది, తలనొప్పి. డెబ్బై ఏళ్ళు టోపీ నీడలో బతికిన మాడు మరి. సింహాచలం ఆ ఆదివారం నుంచి టీకి రావడం లేదు. ఆయన బల్ల మీద ఎవరినీ కూర్చోనివ్వడం లేదు ఆవిడ.

సరే, కథైపోయిందని కాళ్ళు చాపకు. లే. ఈ గిన్నెలో పెళ్ళి లడ్డూలున్నాయి, చక్కెర తగ్గించి చేసినవి. సింహాచలం ఇంటికి పట్టుకెళ్ళు. ముత్యాలు పంపిందని ముందే అనకు. ఇంట్లో ఇవ్వకు, వాకిట్లోకి పిలు, మంచి ఎండ ఉంది. వంగి చెప్పు సర్దుకున్నట్టు నటించి, ఆయన నీడ చూడు. టోపీ ఉంటే లడ్డూలిచ్చి గిన్నె వెనక్కి తెచ్చెయ్. లేదనుకో, గిన్నె అక్కడే వదిలెయ్. దాన్ని ముత్యాలే వచ్చి పట్టుకెళ్తుందని చెప్పు.