శుభ్రం చేసిన బోను

ఇంట్లోనే కాదు, ప్రయోగశాలలోనూ తోడికోడళ్ళు ఇద్దరూ ఎదురెదురే. చిన్నది ఎలుకలకు సూది వేస్తుంది. దేనికి మందు పడిందో, దేనికి ఉప్పునీళ్ళు పడ్డాయో తెలియకుండా పెద్దది కాట్లు లెక్కపెడుతుంది. ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుందని ఈ ఏర్పాటు చేసిన ప్రొఫెసరుకు తెలియదు పాపం.

మగ ఎలుక ఉండే బోనులోకి పరాయి ఎలుకను వదిలితే మీదపడి కరుస్తుంది. మెదడులో కొన్ని కణాలు వదిలే సెరటోనిన్ అనే రసాయనాన్ని ఈ మందు ఎక్కువసేపు నిలిపి ఉంచుతుంది కాబట్టి, ఆ కోపం తగ్గాలి. అదే చిన్నదాని పరిశోధన. ఈసారి తేడా కనిపించకపోతే మూసేయమని ప్రొఫెసరు ముందే తేల్చేశాడు.

పరాయి ఎలుకల్ని వదిలారు. మందు పడ్డవి కరవలేదు. ఉప్పునీళ్ళు పడ్డవీ కరవలేదు.

“సున్నా,” అంది పెద్దది ప్రతిసారీ, సంబరం దాచుకోకుండా. చివర్న, “నీ మందు గొప్పదే. ఉప్పునీళ్ళకీ అదే గుణమొచ్చింది!” అంది.

చిన్నదానికి ఒళ్ళు మండింది. బోనుల్లోకి తొంగిచూసింది. అన్నిటి అడుగునా చెక్కపొట్టు కొత్తగా, తెల్లగా ఉంది.

“పొట్టు ఎవరు మార్చారు?”

“నేనే, పొద్దున. కంపు భరించలేక.”

“పరీక్షయ్యేదాకా మార్చొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదక్కా! ఆ కంపుంటేనే అది తన ఇల్లనుకుంటుంది. అది పోయాక ఇంక దేనికోసం కరుస్తుంది?”

“శుభ్రం చేస్తే కూడా తప్పేనా? ఇంట్లో నీ గది సర్దినప్పుడు నోరెత్తలేదే!”

నిజమే, ఎత్తలేదు. చిన్నది కాపురానికి వచ్చిన మర్నాడే, ఆమె పాత దుప్పటినీ, చదువుకునే కుర్చీనీ పెద్దది అటకెక్కించింది. గదంతా తనకు నచ్చినట్టు మార్చేసింది. అప్పట్నుంచీ అత్తగారు చిన్నకోడలు నెమ్మదస్తురాలని అందరికీ చెప్పుకుంటోంది. చిన్నది కూడా అది తన గుణమేననుకుంది. ఇప్పుడు తలుచుకుంటే తన మీద తనకే అసహ్యం వేసింది.

మధ్యాహ్నం ప్రొఫెసరు వచ్చి కాట్ల లెక్క రాసిన కాగితం చూశాడు. సంజాయిషీ వినకుండానే పరిశోధన ఆపేయమన్నాడు.

ఇంటికి వెళ్తూనే చిన్నది నిచ్చెన వేసుకుని అటకెక్కింది. దుప్పటి దులపకుండానే మంచం మీద పరిచింది. కుర్చీ గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చుంది.

“ఏంటా ముక్కవాసన?” అంటూ పెద్దది ఎప్పట్లాగే తోసుకుని లోపలికి రాబోయింది.

“నాదే. గుమ్మం దాటితే కరుస్తాను.”

పెద్దది నవ్వబోయింది. కుర్చీలోంచి లేచిన మనిషి మొహం చూసి, వేసిన అడుగు వెనక్కి తీసుకుంది.