కుళాయిలో ముందొచ్చే మాటలు

తెల్లవారుజామున ఐదున్నరకి వాల్వమ్మ రోడ్డు పక్క చాంబర్లోకి వంగి నీళ్ళ వాల్వు ఇనుప చక్రాన్ని పదకొండు చుట్లు తిప్పేది. పన్నెండోది తిప్పితే దర్జీల వీధిలో పైపు పగులుతుంది, పదితో ఆపితే కొత్త వార్డుకి చుక్క ఎక్కదు. పంతొమ్మిదేళ్ళుగా ఆవిడ పని అదే. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

ఊరు మున్సిపాలిటీ అయ్యాక చుట్టుపక్కల పల్లెల్ని కలిపేసుకుంది. నేతవాళ్ళ పల్లె మూడో వార్డయింది, గొర్రెలవాళ్ళ దిబ్బ బస్టాండయింది. ఇటుకలవాళ్ళ పాలెం మాత్రం ఏమీ కాలేదు, దాన్ని ఎత్తేశారు. బట్టీలు కూలగొట్టి, వాళ్ళు తవ్వుకున్న మట్టిగుంటల్ని చెత్తతో పూడ్చి, పైన ప్లాట్లు వేశారు. అదే కొత్త వార్డు. ఆ మనుషులు ఎటు పోయారో ఎవరూ అడగలేదు. అందరూ ఇళ్ళు కట్టుకునే హడావిడిలో ఉంటే అడిగే తీరిక ఎవరికుంది?

పైపులు ఈ నేలలన్నిటి కిందుగా వెళతాయి కాబట్టి కుళాయి తిప్పగానే ముందు మాటలొస్తాయి. ఆ నేల మీద బతికి పోయినవాళ్ళ మాటలు. మగ్గం దగ్గర కోడల్ని సాధించే అత్త, తప్పిపోయిన గొర్రెపిల్లని పిలిచే ముసలాయన. రెండు నిమిషాలు అవి పోయాక నీళ్ళొస్తాయి. "మాటలు పోనిచ్చి అప్పుడు బిందె పెట్టుకో," అని కొత్తగా అద్దెకొచ్చినవాళ్ళకి చెప్పేవారు. తుప్పు నీళ్ళు వదిలేసినట్టే వదిలేసేవారు. వినడమంటూ ఎవరూ వినరు. ఆ రెండు నిమిషాల్లోనే వీధి కబుర్లన్నీ తేలిపోవాలి మరి.

ఆ సోమవారం వాల్వు తిప్పాక, కొత్త వార్డు చివరి కుళాయికి నీళ్ళందుతున్నాయో లేదో చూడ్డానికి వెళ్ళింది వాల్వమ్మ. అక్కడ టైలరక్క కుళాయి గొంతుని మించి గొంతు పెంచి తన ఆడపడుచు సంగతి చెబుతోంది. వాల్వమ్మ నవ్వబోయి ఆగిపోయింది.

"నిచ్చెన వెయ్యండ్రా... మట్టి జారుతోంది... నిచ్చెన..."

అది వాల్వమ్మ మొగుడి గొంతు. ఆయన మున్సిపాలిటీలోనే పైపుల ఫిట్టరు. అరగంట కిందట పెరట్లో పళ్ళు తోముకుంటూ ఉండగా చూసి వచ్చింది.

"అక్కా, విన్నావా?"

"వినేదేముంది, రోజూ ఉండే గోలేగా," అంటూనే టైలరక్క చెవి పెట్టింది. ముఖం పాలిపోయింది. "మీ ఆయన ఇంట్లోనే ఉన్నాడుగా?"

వాల్వమ్మ పరుగెత్తింది. ఫిట్టరు అప్పటికే చెప్పులేసుకుంటున్నాడు. కొత్త వార్డుకి రెండో లైను కలపడానికి తొమ్మిదడుగుల గొయ్యి తీసి ఉంచారు. ఆ లైను కలిపితే ఉద్యోగం పర్మినెంటు చేస్తానని ఇంజనీరు మాటిచ్చాడు.

"ఇవాళ గోతిలో దిగొద్దయ్యా. నీ గొంతు కుళాయిలో వచ్చింది."

చెప్పులోకి దూర్చిన కాలు అలాగే ఉండిపోయింది. "నాదేనా? సరిగ్గా విన్నావా?"

"ఇరవై రెండేళ్ళు నీ గురకతో కాపురం చేశాను. నీ గొంతు నాకు తెలీదా?"

అయినా ఉద్యోగం సంగతి కదా, ఇద్దరూ కలిసే వెళ్ళారు. గొయ్యి దగ్గర ఇంజనీరు గడియారం చూసుకుంటూ, "దిగవయ్యా, ఏమిటా నాన్చుడు?" అని కసిరాడు. ఫిట్టరు నిచ్చెన మీద కాలు పెట్టబోతుంటే వాల్వమ్మ వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగింది.

"ఇది ఇటుకలవాళ్ళ మట్టిగుంట సారూ. కిందున్నది నేల కాదు, చెత్త."

"నీకెవరు చెప్పారు?"

"వాళ్ళే, కుళాయిలో. ఏళ్ళ తరబడి చెబుతూనే ఉండుంటారు. మేమే బిందెలు పట్టుకుని సొంత కబుర్లు చెప్పుకున్నాం."

ఇంజనీరు ఏదో అనేలోగా గొయ్యి రెండు పక్కలూ నెమ్మదిగా వచ్చి కలిసిపోయాయి. పెద్ద చప్పుడు కూడా కాలేదు. నిచ్చెన కనిపించకుండా పోయింది. ఫిట్టరు పెళ్ళాం వైపు తిరిగి నోరు తెరిచాడు. మాట రాలేదు.

మర్నాటికీ మాట రాకపోతే, డాక్టరు నోట్లోకి లైటు వేసి చూసి గొంతులో ఏ లోపమూ లేదన్నాడు. ఇంజనీరు లైను వేరే దారిన మళ్ళించాడు. మనిషి దక్కాడు, అదే పదివేలనుకుంది వాల్వమ్మ. కానీ చివరి కుళాయిలో రోజూ అదే గొంతు నిచ్చెన కోసం మొత్తుకుంటోంది. కబుర్లు మానేసి ఆడవాళ్ళందరూ తలలొంచుకు నిలబడుతున్నారు. ఆ వీధిలోకి వెళ్ళాలంటే ఆవిడకి కాళ్ళు రావడం లేదు.

తొమ్మిదో రోజు ఫిట్టరు తనంతట తనే ఆమె వెంట వచ్చి కుళాయి పక్కన నిలబడ్డాడు.

"నిచ్చెన వెయ్యండ్రా..."

వాల్వమ్మకి ఉండబట్టలేదు. వంగి కుళాయికి నోరు ఆనించింది. "నువ్వు బయటే ఉన్నావయ్యా. నా పక్కనే ఉన్నావు."

కుళాయి ఏనాడూ ఎవరికీ బదులు చెప్పి ఎరగదు. గొంతు ఆగింది. ఈసారి బాగా దగ్గర నుంచి, చిన్నగా అడిగింది.

"మరైతే ఇక్కడ నా చెయ్యి పట్టుకున్నదెవరు?"

టైలరక్క బిందె వదిలేసి రెండడుగులు వెనక్కి వేసింది. వాల్వమ్మకీ చచ్చేంత భయం వేసింది. అయినా తడుముకుని మొగుడి చెయ్యి అందుకుంది. అది తడి మట్టిలా చల్లగా ఉంది.

"నేనేనయ్యా," అంది కుళాయిలోకి. "వదలన్లే. ఇంటికి పోదాం, రా."