ఒంటికన్ను మొసలి తెడ్డు

లయెఫా పొగబెట్టిన చేపలు అమ్ముకుందామని ఒక దూరపు ఊరి రేవులో దోనె కట్టేసరికి పెళ్ళి సందడి జోరుగా ఉంది. పెళ్ళికూతురు తరిలా, మొగుడు చెక్కి ఇచ్చిన తెడ్డు పైకెత్తి ఆడుతోంది.

"ఏమే, అది దోనె నడపడానికా, మొగుణ్ణి కొట్టడానికా?" అందొకామె.

"కూర బాగాలేదంటే కొట్టడానికే!"

అందరూ గొల్లుమన్నారు. లయెఫా కూడా నవ్వబోయింది. అంతలో తెడ్డు ఇటు తిరిగింది. వెడల్పు భాగంలో చెక్కను తొలిచి చేసిన మొసలి. ఒక కన్ను తెరిచి ఉంది, ఒకటి మూసి ఉంది. మొసలిని అలా చెక్కేవాడు ఈ నదుల మీద ఒక్కడే, ఆమె తమ్ముడు ఎబిడో. "దొంగనిద్ర పోతోందక్కా" అనేవాడు చిన్నప్పుడు.

ఆ ఎబిడో, ఆమె భర్త ఎకియె కొన్నేళ్ళ కిందట ఒకే తుఫానులో మునిగిపోయారు. శవాలు దొరకలేదు. వాళ్ళ ఊరంతా ఇద్దరికీ కలిపి ఏడ్చింది. లయెఫా తల గొరిగించుకుంది.

"ఎవరు చెక్కారమ్మా ఇది?" అడిగింది లయెఫా.

"మా ఆయనే. అదుగో, వస్తున్నాడు."

కల్లు ముంతతో నవ్వుతూ వస్తున్న మనిషి ఆమెను చూసి నిలబడిపోయాడు. ముంత జారి పగిలింది.

లయెఫా పరుగున వెళ్ళి అతని ముఖం తడిమింది. "ఒరేయ్, బతికే ఉన్నావట్రా! మరి మీ బావేడీ?"

ఎబిడో చెప్పాడు. "దోనె తిరగబడిందక్కా. చేతికి ఒక్క తెడ్డే దొరికింది. ఇద్దరం పట్టుకుంటే మునిగిపోతోంది. బావ వేళ్ళు... నేనే విడదీశాను."

డప్పులు ఆగిపోయాయి. లయెఫా చేతులు ఇంకా అతని చెంపల మీదే ఉన్నాయి. నిప్పు తగిలినట్టు వెనక్కి లాక్కుంది.

"నీకు ముఖం చూపించలేక ఇటొచ్చేశాను" అన్నాడు.

"పద. మా అత్తకి నువ్వే చెప్పు."

"వెళ్తే చంపేస్తారేమో వదినా!" అని తరిలా అడ్డుపడింది.

"నాకు తెలీదమ్మా."

చేపల గంపలు రేవులోనే ఉండిపోయాయి. ఇద్దరూ దోనెలో లయెఫా ఊరికి వచ్చారు.

ఎబిడో ఎకియె తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పాడు. ముసలామె ఒకటే అడిగింది.

"పోయేటప్పుడు వాడు నన్ను పిలిచాడా?"

"పిలిచాడత్తా."

అది నిజమో కాదో లయెఫాకు ఇప్పటికీ తెలియదు.