పదహారు ఓముల స్పీకరు

పద్మలత ఆ వాయిస్ మెసేజ్‌ను రెండుసార్లు విన్నది. మొదటిసారి నమ్మలేక, రెండోసారి ఒక్క ముక్క కూడా మరచిపోకూడదని.

"అందరు జర వినుండ్రి. హన్మకొండల పద్మలత షాపుల ఎవ్వలు రిపేర్లు చేపియ్యకుండ్రి. నెల కింద ఆమె చేసిన గిటార్ బాక్సు నిన్న కాలేజ్ ఫంక్షన్ల పాట నడుమనే కాలిపోయింది. ఇజ్జత్ పోయింది. ఆడోళ్లకు వైరింగ్ ఏమొస్తది? ఇచ్చుడు మాదే తప్పు."

గొంతు మహిపాల్‌ది. మడికొండలో ఉంటాడు. పెళ్లిళ్లకూ కాలేజీ ఫంక్షన్లకూ పాడే బ్యాండు నడుపుతాడు, కీబోర్డు వాయిస్తాడు. అతను మెసేజ్ పెట్టిన వాట్సాప్ గ్రూపులో వరంగల్ చుట్టుపక్కల పాడేవాళ్లూ వాయించేవాళ్లూ రెండువందల మందికి పైగా ఉన్నారు. పద్మలత షాపుకు వచ్చేది వాళ్లే.

ఐటీఐలో చదివి, పంతొమ్మిదేళ్లుగా ఆంప్లిఫయర్లూ స్పీకర్లూ బాగుచేస్తోంది ఆమె. తప్పు జరిగితే ఒప్పుకుని మళ్లీ చేసిచ్చిన రోజులున్నాయి. కానీ ఈ స్పీకరు బాక్సు ఆమెకు బాగా గుర్తుంది. అది మహిపాల్‌ది కూడా కాదు. అతని బ్యాండులో గిటార్ వాయించే నవ్యది. లోపల రెండు స్పీకర్లు, రెండూ ఎనిమిది ఓములవే. పాత వైర్లు పీకి కొత్తవి వేసి, గంటసేపు మోగించి చూసి పంపింది.

షట్టరు దించింది. మీటరూ స్క్రూడ్రైవరూ సంచిలో వేసుకుని స్కూటీ తీసింది. కాజీపేట దాటినా బిగించిన పళ్లు వదల్లేదు.

మహిపాల్ ఇంటి కింది గదిలో రిహార్సల్ నడుస్తోంది. నవ్య గిటార్ ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చుంది. ఆమె బాక్సు గోడవారగా ఉంది. పద్మలతను చూసి మహిపాల్ లేచాడు.

"అక్కా, ఫోన్ చేస్తే నేనే వచ్చేటోన్ని గద..."

"గ్రూపుల మొత్తుకునే ముందు నువ్వు చేసినవా ఫోను? ఏమైంది బాక్సుకు?"

"ఏమైతది? కాలిన వాసనొచ్చింది, సౌండ్ సగానికి పడిపోయింది. వెయ్యిమంది ముంగట."

"నా దగ్గరికెళ్లి వచ్చినంక ఎవరన్న విప్పిండ్రా?"

"ఎవ్వలు ముట్టలే."

పద్మలత బాక్సు తిప్పి వెనక పలక స్క్రూలు ఒక్కొక్కటే విప్పింది. లోపలికి చూడగానే ఆమె ముఖం ఎర్రబడింది. ఒక స్పీకరు తాను బిగించినదే. రెండోది వేరేది, పాతది. దాని వైర్లు మెలేసి నల్లటేపు చుట్టి ఉన్నాయి.

"నవ్యా, ఇటు రా బిడ్డా. ఇగో, ఇది నీదేనా?"

నవ్య వంగి చూసింది. "కాదక్కా. ఇదెక్కడిది?"

పాత స్పీకరు వెనక పదహారు ఓములని అచ్చేసి ఉంది. పద్మలత వైర్లు విడదీసి మీటరు పెట్టింది. అది బాగానే ఉంది. ఎనిమిది ఓములదానికి పెడితే ముల్లు కదల్లేదు. కాలిపోయింది అదే.

"చూడు మహిపాల్. పెద్ద తూము, సన్న తూము పక్కపక్కన పెడితే నీళ్లు దేంట్లకెళ్లి ఎక్కువ పోతయి? ఓములు తక్కువున్నదే పెద్ద తూము. రెండు సమానముంటే చెరి సగం గుంజుతయి. ఇట్ల పెడితే ఎనిమిదిది రెండింతలు గుంజుతది. సౌండ్ తగ్గిందని వాల్యూమ్ పెంచిండ్రా లేదా?"

"నిండుగ పెంచిన" అంది నవ్య. "పదిహేను రోజులసంది తక్కువే వస్తాంది. అన్ననేమో నా చెయ్యి సక్కగ లేదన్నడు." ఆమె మహిపాల్ వైపు తిరిగింది. "నా స్పీకరేది అన్నా?"

అతను కీబోర్డు వైర్లు సర్దడం మొదలుపెట్టాడు. "నా కీబోర్డ్ బాక్సుల పెట్టిన. నాది పోయింది. ఇంట్ల పాతదుంటే దీంట్ల పెట్టిన. గంత చిన్నదానికి..."

"చిన్నదా?" పద్మలత గొంతు గదంతా మోగింది. "ఆమె వస్తువు చెప్పకుండ తీసినవ్. కాలవెట్టినవ్. ఆమె చెయ్యి మంచిగ లేదన్నవ్. ఆఖరికి నా పేరు బజార్ల పడేసినవ్. రెండు వైర్లు సోల్డరింగ్ చేసుడు రాదు నీకు, ఆడోళ్లకు వైరింగ్ రాదంటవా?"

"తీసేస్త అక్కా మెసేజ్. ఇగో, డిలీట్ చేసిన."

"విన్నోళ్ల చెవులల్లకెళ్లి గూడ తీస్తవా? నీ నోటితోటే చెప్పు, ఏం చేసినవో."

మహిపాల్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. "అంత అవసరం లేదు."

అప్పుడు నవ్య తన ఫోను తీసింది. జరిగింది జరిగినట్టు, ఎవరినీ తిట్టకుండా, అతని ఎదుటే చెప్పి గ్రూపులో పెట్టింది.

"రేపటిసంది రాకు" అన్నాడు మహిపాల్.

"రమ్మన్నా రాను. ముందుగాల నా స్పీకరియ్యి."

పద్మలత అతని కీబోర్డు బాక్సు విప్పి ఆ స్పీకరు తీసింది. అతను అడ్డుపడలేదు. పద్మలతా నవ్యా కలిసి బాక్సును ఆటోలోకి ఎక్కించారు. నవ్య అందులోనే కూర్చుంది, పద్మలత స్కూటీ మీద వెనకే వచ్చింది.

హన్మకొండ చేరేసరికి గ్రూపులో కొందరు పద్మలతకు సారీ చెప్పారు. ఎక్కువమంది ఏమీ అనలేదు. మహిపాల్ సంగతి ఎవరూ ఎత్తలేదు. అది చూసి ఆమెకు మళ్లీ మండింది.

షాపులో సోల్డరింగ్ ఐరన్ వేడి చేసి, వైరు దగ్గరికి తెచ్చి ఆగింది. ఐరన్‌ను స్టాండులో పెట్టేసింది.

"ఇయ్యాల చెయ్యను నవ్యా. గింత కోపంల పని మంచిగ రాదు. రేపు రా. కాలినదాని జాగల ఇంకో ఎనిమిది ఓములది తెప్పిస్త."

"సరే అక్కా" అంది నవ్య. కానీ లేవలేదు. ఆమె కళ్లు కూడా ఎర్రగానే ఉన్నాయి.

పద్మలత ఎదురుగా ఉన్న హోటల్ వైపు కేకేసి రెండు చాయ్‌లు చెప్పింది.